చౌరస్తాలో నా రాజీనామా

మేనేజరు గది తలుపును కాలితో తన్ని లోపలికి పోయాను. ఆయన లేచి నిలబడ్డాడు. "కూసో" అన్నాను. కూర్చున్నాడు. జేబులోంచి రాజీనామా కాగితం తీసి బల్ల మీద కొట్టాను. ఆ దెబ్బకు బల్ల మీది చాయ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. "నువ్వు నన్ను తీసేసేదేంది, నేనే నిన్ను ఇడిసిపెడుతున్న" అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి వచ్చాను.

ఈ ముచ్చట మా వాడలో ఏ ఇంట్లో అడిగినా చెప్పేవాళ్లు. వాళ్లకు చెప్పింది నేనే. ఇందులో నిజమెంత అంటే, చాయ గ్లాసు. గ్లాసు నిజంగానే ఉంది. అయితే అది ఎగరలేదు. నా చేతిలోనే ఉంది. అందులోంచి ఇంత చాయ నా అంగీ మీద ఒలికింది.

ఇప్పుడు ముసలివాడినయ్యాను. ఎవరికి ఏం చెప్పానో గుర్తుపెట్టుకునే ఓపిక తగ్గింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఎక్కడైనా చెయ్యి జారితే నేనే ఒప్పుకుంటాను.

మహబూబ్‌నగర్ దాటినాక పెద్దరోడ్డు పక్కన ఒక నూలు మిల్లు ఉండేది. అందులో నేను మేస్త్రీని. మిల్లంతటికీ మేస్త్రీనని చెప్పుకునేవాడిని. ఒక వరస యంత్రాలకు మాత్రమే. తెగిన పోగులు అతికించే ఆడపిల్లల వెంట తిరుగుతూ, ఎక్కడ పోగు తెగిందో చూపించడం నా పని. ఆ చప్పుడులో మాట వినిపించాలంటే అరవాలి. అరిచి అరిచి, ఇంటికొచ్చాక కూడా ఉప్పు అడిగితే పక్కింటి వాళ్లు ఉప్పు తెచ్చిచ్చేంత గొంతు అయింది నాది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మిల్లుకు గిరాకీ తగ్గింది. ముందు రాత్రి పని బంద్ చేశారు. తర్వాత కొన్ని యంత్రాలను విప్పి లారీల్లో ఎక్కించారు. ఆ లారీలు గేటు దాటుతుంటే మేమంతా గోడ పక్కన నిలబడి, పెళ్లికూతురును సాగనంపినట్టు చూశాం. ఆ తర్వాత మనుషుల వంతు వచ్చింది.

ఒక్కొక్కరినే ఆఫీసులోకి పిలిచారు. లోపల మేనేజరు లేడు. మనుషుల వ్యవహారాలు చూసే కుర్ర సారు ఒక్కడే ఉన్నాడు. నా పెద్దకొడుకు కంటే చిన్నవాడు. నాకు చాయ తెప్పించాడు. చాయ తెప్పించాడంటేనే నాకు అర్థమైపోయింది.

"పెద్దాయనా, రెండు దారులున్నయి" అన్నాడు. "మీరే రాజీనామా చేస్తున్నట్టు సంతకం పెడితే మంచిగ పంపిస్తం. శాలువా కప్పుతం, మంచి పనోడని కాగితమిస్తం. పెట్టకపోతే కంపెనీయే తీసేయాల్సి వస్తది. తీసేసినోళ్ల పేర్లు గేటు దగ్గర బోర్డు మీద పెడ్తరు."

"ఆలోచించుకుంట సార్" అన్నాను. చాయ ఒలికింది అప్పుడే.

రాజీనామా అనే మాటకు ఆ రోజుల్లో మా దగ్గర ఎంత మర్యాద ఉండేదో చెప్పాలి. ఉద్యమం జరిగినప్పుడు పదవి వదులుకున్న వాడి మెడలో దండలు నిండాయి. అట్లాంటి ఒక నాయకుణ్ని మా ఊరి వాళ్లు భుజాల మీద మోశారు. ఆ భుజాల్లో ఒకటి నాది. అసలు మోసింది నేనేనని, మిగతా వాళ్లు చెయ్యి వేశారంతేనని చెప్పేవాడిని. నిజానికి నా భుజం అందలేదు, నేను పొట్టివాడిని.

తీసేసిండ్రు అనేది దానికి సరిగ్గా ఎదురు మాట. మా వాడలో ఒకతన్ని ఏదో గోదాము కాపలా పనిలోంచి తీసేశారు. ఎందుకు తీసేశారో ఎవరికీ తెలియదు. కానీ ఆ తర్వాత ఎవరింట్లో బిందె కనబడకపోయినా, అందరి కళ్లూ ఒకసారి అతని ఇంటి వైపు తిరిగేవి. పాపం, అతను కొత్త బిందె కొనుక్కోవడానికి కూడా భయపడ్డాడు.

అందుకని సంతకం పెట్టేద్దామనే అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఇంట్లో నా భార్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అన్నం వారుస్తోంది. ఆమె తుంటి కీలు అరిగిపోయి అప్పటికి రెండేళ్లు. పెళ్లికి ముందు నుంచీ వంగి నాట్లు వేసింది, వంగి పత్తి ఏరింది, వంగి మా పిల్లలకు స్నానాలు పోసింది. ఇప్పుడు వంగలేదు. పొయ్యిని బల్ల మీదికి ఎక్కించాను, ఆమెను కుర్చీలోకి ఎక్కించాను. నేల మీద పడిన చెంచా కోసం నేను వచ్చేదాకా ఎదురుచూసేది. మిల్లు కార్మికులకు బీమా దవాఖాన ఉండేది. కీలు మారుస్తామని, వరస వచ్చినప్పుడు పిలుస్తామని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ పిలుపు కోసమే చూస్తున్నాం.

నేను విషయం చెప్పాను. ఆమె గంజి గిన్నె పక్కన పెట్టి నా అంగీ మీది చాయ మరక చూసింది.

"రాజీనామానే ఇయ్యి" అంది.

"దవాఖాన ఏమైతదో మరి?"

"నా కాలు యాడికి పోతది? ఉన్నకాడనే ఉంటది. నిన్ను తీసేసిండ్రని నలుగురు అనుకుంటే నువ్వు బయటికెళ్తవా? మూలకు కూసుంటవు. ఇంట్ల ఇద్దరం కూసుంటే నడిసేదెవరు?"

"నువ్వేం ఫికర్ చెయ్యకు. నేను మాట్లాడితే మేనేజరు—"

"ఆ మేనేజరు సంగతి నాకు చెప్పకు, బయటోళ్లకు చెప్పుకో" అని నవ్వింది.

ఆ రోజుల్లో నన్ను అబద్ధాల్లో పట్టుకునేది ఆమె ఒక్కతే. పట్టుకుని, మళ్లీ వదిలేసేది.

మర్నాడు మిల్లు బయట చాయ బండి దగ్గర కుర్ర సారు కనబడ్డాడు. నన్ను చూసి ముందు ముఖం తిప్పుకున్నాడు. తర్వాత తనే దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, ఇంట్ల ఎవరికన్న దవాఖాన నడుస్తున్నదా?"

చెప్పాను.

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "లోపల నేను సంతకం పెట్టుమనే అంటా. అది నా నౌకరి. బయట చెప్తున్న, జర ఇనుండ్రి. కంపెనీ తీసేస్తే కొన్నాళ్లదాంక బీమా దవాఖాన నడుస్తది. మీ అంతట మీరు మానేసినట్టు సంతకం పెట్టిండ్రా, ఆ రోజుతోనే బంద్."

"గట్లనా సార్!" అన్నాను. నా గొంతుకు చాయ బండి వాడు కూడా తిరిగి చూశాడు. ఆ పిల్లవాడు అదిరిపడి, సగం చాయ వదిలేసి వెళ్లిపోయాడు. ఇంకో మూడు నెలలకు అతన్ని కూడా పంపించేశారని తర్వాత విన్నాను. ఎట్లా వెళ్లాడో, సంతకం పెట్టాడో లేదో తెలియదు.

నేను సంతకం పెట్టలేదు. తీసేశారు. ఆ రోజు గేటు దగ్గర జరిగింది కొంచెం ముందుకు పోయాక చెప్తాను. ఇప్పుడే చెప్పడానికి మనసొప్పడం లేదు.

బస్సు దిగి వాడలోకి వస్తుంటే, కుట్టు మిషను దగ్గర కూర్చున్న మా బామ్మర్ది తల ఎత్తాడు.

"ఏం బావా, పగటీలే వచ్చినవు?"

"ఇడిసిపెట్టిన" అన్నాను.

ఆ ఒక్క మాట దానంతట అదే వచ్చింది. అంతవరకే ఆగిపోతే బాగుండేది. వాడు మిషను ఆపి, "ఇడిసిపెట్టుడేంది బావా? నువ్వే?" అని కళ్లు పెద్దవి చేశాడు. నా ముందు ఎవరైనా కళ్లు పెద్దవి చేస్తే నేను ఆగలేను. కాగితం వచ్చింది, బల్ల వచ్చింది, గ్లాసు గోడకు తగిలింది.

ఇంట్లో మాత్రం "తీసేసిండ్రు" అన్నాను. నా భార్య చెయ్యి చాపింది. దగ్గరికి పోతే నా తల తన కడుపుకు ఆనించుకుని, వెంట్రుకల్లో చిక్కుకున్న దూది పోగులు ఒక్కొక్కటే తీసింది. ఇన్నేళ్లూ సాయంత్రం పూట అదే చేసేది. ఇక రేపటి నుంచి తీయడానికి ఉండవు కదా అని నాకు తోచింది. ఆమెకూ తోచిందేమో, ఆ రోజు చాలాసేపు తీసింది.

"నాకోసం కాదనలేదు గద నువ్వు సంతకం?" అంది.

"నీకోసం ఎందుకు? వాళ్ల శాలువా నాకు నచ్చలే" అన్నాను.

మేం గుడి అనేది చర్చినే, ఆదివారం అక్కడ సాక్ష్యం చెప్పే వేళ ఉంటుంది. వారంలో దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. నేను లేవాలనుకోలేదు. కానీ పాస్టరు అయ్యగారికి నా సంగతి అప్పటికే అందింది. "మన సోదరుడు గొప్ప త్యాగం చేసిండు, లేచి రెండు మాటలు చెప్తడు" అన్నాడు. నేను లేచాను. రెండు మాటలతో కూర్చునే మనిషినైతే ఈ కథే లేదు. కర్ర కింద పడేస్తే పాము అయిందని బైబిల్లో ఉంది కదా, నా రాజీనామా కాగితం ఇంచుమించు అట్లాగే బల్ల మీద బుసకొట్టింది. జనం "స్తోత్రం!" అన్నారు. నేను ఇంకొంచెం పెంచాను. "హల్లెలూయ!" అన్నారు. ఆడవాళ్ల వైపు, గోడ పక్కన కుర్చీలో నా భార్య పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి పోయేటప్పుడు నా భుజం పట్టుకుని మెల్లగా నడుస్తూ, "దేవుని ఇంట్ల గూడ ఆ గ్లాసు పలగ్గొట్టాల్నా?" అంది.

"కోపమొచ్చిందా?"

"చెప్పుకో తియ్యి. నీ నోటికి గా మాత్రం మేత లేకపోతే బతకవు."

వారం తిరగకముందే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. గుడి యువకులంతా కలిసి వేయించారు. ఏదో పెళ్లిలో నల్లద్దాలు పెట్టుకుని తీయించుకున్న నా ఫొటో, నా తల వెనక సూర్యుడు. 'ఆత్మగౌరవం కోసం ఉద్యోగానికి రాజీనామా చేసిన మా పెద్దాయనకు జేజేలు' అని ఎర్రటి అక్షరాలు. కింద ఆ యువకుల ఫొటోలు. కొందరివి నాకంటే పెద్దగా ఉన్నాయి. నేను తలవంచుకుని దాని కింది నుంచి పోయేవాడిని. పనేమీ లేకపోయినా మూడు నాలుగుసార్లు పోయేవాడిని.

బీమా ఆఫీసుకు కాగితాలు పంపించాం. కంపెనీ తీసేసిందని మిల్లు వాళ్లు రాసిచ్చిందీ అందులో పెట్టాం. విచారణకు మనిషి వస్తాడని చెప్పారు. ఒకరోజు పొద్దున స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. నడివయసు, చెమటకు తడిసిన తెల్ల అంగీ. నా ఇల్లు ఎక్కడని చౌరస్తాలో అడిగితే, వాళ్లు గర్వంగా ఫ్లెక్సీని చూపించి మరీ దారి చెప్పారట.

ఆయన మంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, కాగితాలు తీశాడు.

"పెద్దాయనా, ఇండ్ల తీసేసిండ్రని ఉన్నది. చౌరస్తాల రాజీనామా చేసిండని ఉన్నది. నేను దేన్ని నమ్మాలె?"

"కాగితాన్నే నమ్ముండ్రి సార్."

"మిల్లోళ్లు మొహమాటానికి గూడ రాసిస్తరు. నీ అంతట నువ్వు మానేసుంటే దవాఖాన రాదు. చుట్టుపక్కలోళ్లను ఒకమాట అడుగుత."

అడగాల్సిన పని లేకపోయింది. స్కూటర్‌ను చూసి వాడ జనమంతా మా వాకిట్లోకి వచ్చారు. మా బామ్మర్ది మెడలో టేపుతోనే వచ్చాడు. బీమా ఆయన ఇంకా పూర్తిగా అడగనే లేదు, వాడు అందుకున్నాడు.

"తీసేసుడా? మా బావనా? ఎవడన్నడు సార్ గా మాట? మా బావ రాజీనామా మొకాన కొట్టొచ్చిండు!"

"మేనేజరు నిలబడి దండం పెట్టిండంట" అన్నాడు ఫ్లెక్సీ యువకుల్లో ఒకడు.

"కుర్చీ లేపిండంట సార్, కొట్టనీకి" అంది వెనక నుంచి ఒక ఆడమనిషి.

"పోలీసులు గూడ వచ్చిన్రు."

కుర్చీ సంగతి, పోలీసుల సంగతి నేను చెప్పలేదు. దేవుని సాక్షిగా అవి నావి కావు. నా పరువుకు ఎవరో మచ్చ తేవడానికి వచ్చారని అనుకున్నారు వాళ్లు. వచ్చిన మనిషిని చుట్టుముట్టి, నా గొప్పతనాన్ని ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయారు. బీమా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

నా భార్య గడపలో నిలబడి ఉంది. బరువంతా మంచి కాలు మీద వేసి, రెండో కాలును నేలకు ఆనీ ఆనకుండా పెట్టి, తలుపు చెక్క పట్టుకుంది. అంతమంది పెద్దమనుషుల ముందు కుర్చీలో కూర్చోవడం మర్యాద కాదని లేచి నిలబడిందన్నమాట. నన్ను చూడలేదు, నాకు ఇబ్బంది అవుతుందని.

"ఆగుండ్రి సార్, రాయకుండ్రి" అన్నాను. "వీళ్లు చెప్పేది అబద్ధం. నన్ను తీసేసిండ్రు."

అందరూ నవ్వారు.

"చూసిన్రా సార్" అన్నాడు బామ్మర్ది. "ఇంత చేసి గూడ తగ్గి మాట్లాడుతున్నడు. గది సార్ మా బావంటే!"

యువకులు చప్పట్లు కొట్టారు. "నిజంగ తీసేసిండ్రురా!" అని అరిచాను. నేను అరిచిన కొద్దీ వాళ్లకు నా మీద గౌరవం పెరిగింది. నా జీవితంలో అంత సులువుగా ఎవరూ నన్ను నమ్మకుండా ఉండలేదు. మంచం పట్టె మీద కూలబడ్డాను. గేటు దగ్గర జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు అప్పుడు మిల్లు గొంతులా లేదు.

"గ్లాసు లేదు, బల్ల లేదు. ఆఖరి రోజు నేనే కుర్ర సారు కాడికి పోయి బతిమిలాడిన. మేస్త్రీ పని వద్దు, మిల్లంత ఊడుస్త, పాయఖానాలు కడుగుత, ఉంచుకోండ్రి అన్న. ఆయన తల కిందికేసుకుండు. బయటికొస్తే బోర్డు మీద నా పేరు. నా వెనకొచ్చేటోళ్లకు కనబడకుండ దానికి ఆనుకొని నిలబడ్డ. ఎంతసేపు నిలబడత? గేటుకాడి జవాను రోజు నన్ను చూస్తే నవ్వేటోడు. ఆ రోజు నా టిఫిను డబ్బ తెరిపిచ్చిండు. ఏమన్న ఎత్తుకపోతున్ననేమోనని. అండ్ల సగం రొట్టె ఉన్నది. తినబుద్ధి కాక మిగిలింది. ఆయన దాన్ని ఇటు తిప్పిండు, అటు తిప్పిండు, మళ్ల డబ్బల పెట్టిండు."

నా చేతులు చూసుకుంటూ మళ్లీ అందుకున్నాను.

"బస్సు కాడికి పోబుద్ధి కాలే. సైకిళ్లు పెట్టే రేకుల కిందికి పోయి కూసున్న. ఏడ్సిన. మా వరసల పనిజేసే పిల్లలు ఇద్దరొచ్చిన్రు సైకిళ్లకోసం. గబగబ ముందటున్న సైకిలు చైను పట్టుకొని, ఎక్కిస్తున్నట్టు చేసిన. చైను మంచిగనే ఉన్నది. చేతులు నల్లగైనయి. ఆ పిల్లలు పోయేదాంక గట్లనే తిప్పుకుంట కూసున్న."

మా బామ్మర్ది అన్నాడు: "నీకు సైకిలే లేదు గద బావా."

"లేదురా" అన్నాను.

అప్పుడు నమ్మారు. వాడు మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. యువకుల్లో ఒకడు ముక్కు చీదాడు. గడప వైపు చూసే ధైర్యం నాకు లేదు. ఈ సంగతి నా భార్యకూ చెప్పలేదు నేను. మా వాడలో అందరికంటే పెద్దదైన ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చి, నా తల మీద చెయ్యి వేసి, "తీసేస్తే తీసేసిండ్రు, బిడ్డా. మేమున్నం, మేం తీసేసినమా?" అంది.

బామ్మర్ది బీమా ఆయన వైపు తిరిగాడు. "రాసుకోండ్రి సార్. మా బావను తీసేసిండ్రు."

"అవ్ సార్, తీసేసిండ్రు" అన్నారు యువకులు.

"మెడవట్టి గుంజేసిండ్రు సార్!" అంది వెనక నుంచి ఇందాకటి ఆడమనిషి.

"మెడ పట్టలే" అన్నాను.

బీమా ఆయన నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. సాక్షి సంతకాలకు ఇద్దరు చాలు అంటే, వాకిలంతా వరస కట్టింది. పోయేటప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచి, "పైనించి ఇంకెవరన్న వస్తే మళ్ల గదే తకరారు. ఆ ఫ్లెక్సీ జర తీపియ్యి" అన్నాడు. యువకులు ఆ సాయంత్రమే విప్పారు. విప్పుతుంటే దూరం నుంచి చూశాను. బాధ కలగలేదని రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది.

అందరూ పోయాక నా భార్య కుర్చీలో కూర్చుంది. నన్ను పిలిచి నా అరచేతులు తిప్పి చూసింది. చైను నలుపు ఎప్పుడో పోయింది. అయినా కొంగుతో తుడిచింది.

చలికాలంలో దవాఖాన నుంచి పిలుపు వచ్చింది. కీలు మార్చారు. ఆపరేషను అయిన తర్వాతి రోజు నేను ఇడ్లీ పొట్లం పట్టుకుని వార్డులోకి పోతుంటే, లోపల నా భార్య గొంతు వినబడింది. పక్క మంచం మీద కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమెకు చెబుతోంది.

"తీసేస్తమన్నరమ్మా వాళ్లు. మా ఆయన లేసి నిలబడి, 'తియ్యిండ్రి సార్, మీ నౌకరి కంటే మా ఇంటామె నడుసుడు నాకు ఎక్కువ' అన్నడు. గా సారు ఇంత పొడుగు మనిషి, కండ్లపొంటి నీళ్లు పెట్టుకుండు."

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. నేను అట్లా అనలేదు. అంత మంచి మాట నాకు ఆ రోజు తోచలేదు, తర్వాత కూడా తోచలేదు. ఇంతకాలం నేను ఎన్ని గ్లాసులు పగలగొట్టినా, ఎవరినీ ఏడిపించేదాకా పోలేదు.

పక్క మంచం ఆమె నన్ను చూసింది. "ఈయనేనా అక్కా? నిజంగ గట్లనే అన్నవా అన్నా?"

లేదమ్మా అని చెప్పబోయాను. నా భార్య దుప్పటి కింది నుంచి చెయ్యి తీసి నా చేతిని పట్టుకుంది. గట్టిగా నొక్కింది.

"గట్లనే అన్ననమ్మా" అన్నాను.

అంతలో నర్సు నడిచే స్టాండు తెచ్చి మంచం పక్కన పెట్టి, "లెవ్వమ్మా, నిలబడాలె ఇయ్యాల" అంది. నా భార్య నా చెయ్యి వదిలి స్టాండు పట్టుకుంది. పళ్లు బిగబట్టి లేచింది. నొప్పికి ముఖమంతా చెమట పట్టింది. నేను కిందికి వంగి చూశాను. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి.